క్వీన్ బ్యాండ్ పాటలు, వీడియోలు, లైవ్ రికార్డింగులు: తరచుగా అడిగే ప్రశ్నలు

క్వీన్ అంటే నాకు ప్రాణం అని తెలిసినవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్నలు అడుగుతూనే ఉంటారు. వాళ్ల మీద 2018లో వచ్చిన 'బొహీమియన్ రాప్సొడీ' సినిమా చూసి వచ్చినవాళ్లు అడిగారు, క్రికెట్ మ్యాచ్‌లో ఆ తొక్కుడు, చప్పట్లు విని ఇదెవరి పాట అనుకున్నవాళ్లు అడిగారు. అందరికీ నేను చెప్పే మాట ఒక్కటే. క్వీన్ పాట స్టూడియోలో ఒకలా, వీడియోలో ఇంకోలా, స్టేజి మీద మరోలా ఉంటుంది. మూడూ పక్కపక్కన పెట్టుకుని వింటే తప్ప వాళ్ల పనితనం పూర్తిగా అందదు.

క్వీన్ అంటే ఎవరెవరు?

నలుగురు. గొంతు, పియానో ఫ్రెడ్డీ మెర్క్యురీ. గిటార్ బ్రయాన్ మే. డ్రమ్స్ రోజర్ టేలర్. బేస్ గిటార్ జాన్ డీకన్. 1970లో లండన్‌లో బ్యాండ్ మొదలైంది. 1971లో డీకన్ చేరాక ఇక మనుషులు మారలేదు. 1991 నవంబర్ 24న ఫ్రెడ్డీ చనిపోయేదాకా అదే నలుగురు.

ఫ్రెడ్డీ మెర్క్యురీ ఇండియావాడేనా?

పుట్టింది జాంజిబార్‌లో, 1946 సెప్టెంబర్ 5న. అసలు పేరు ఫరోఖ్ బుల్సారా, పార్సీ కుటుంబం. చదువు మాత్రం మహారాష్ట్రలోని పంచ్‌గనిలో, సెయింట్ పీటర్స్ బోర్డింగ్ స్కూల్లో. పియానో నేర్చుకున్నదీ, హెక్టిక్స్ అనే స్కూలు బ్యాండులో వాయించిందీ అక్కడే. 1964లో కుటుంబంతో కలిసి ఇంగ్లండ్ వెళ్లిపోయాడు.

మరి ఇండియాలో ఎప్పుడైనా కచేరీ చేశారా?

లేదు. జపాన్ వెళ్లారు, బ్రెజిల్ వెళ్లారు, అర్జెంటీనా వెళ్లారు. ఫ్రెడ్డీ ఉండగా మన దగ్గరికి మాత్రం రాలేదు. తలుచుకున్నప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

ఎక్కడ మొదలుపెట్టాలి? గ్రేటెస్ట్ హిట్స్ వింటే చాలదా?

మొదలుపెట్టడానికి అంతకన్నా మంచిది లేదు. 1981లో వచ్చిన ఆ ఆల్బమ్, బ్రిటన్‌లో అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడుపోయిన ఆల్బమ్. కానీ అక్కడే ఆగిపోతే క్వీన్‌లో సగం తెలియకుండా పోతుంది. హిట్ పాటలు ఊరి మెయిన్ రోడ్డు లాంటివి. అసలు ఊరు సందుల్లో ఉంటుంది.

నా సలహా: గ్రేటెస్ట్ హిట్స్ వారం రోజులు వినండి. తర్వాత 1974లో వచ్చిన 'షీర్ హార్ట్ ఎటాక్', 1975 నాటి 'ఎ నైట్ ఎట్ ద ఆపెరా' మొదటి పాట నుంచి చివరి పాట దాకా వరసగా వినండి, మధ్యలో పాటలు దాటేయకుండా. హెడ్‌ఫోన్స్ పెట్టుకునే వినండి, ఎందుకంటే వాళ్లు గొంతులనీ గిటార్లనీ ఎడమ చెవికి కొన్ని, కుడి చెవికి కొన్ని పంచిపెట్టారు. ఫోన్ స్పీకర్లో ఆ పంపకం వినపడదు.

'బొహీమియన్ రాప్సొడీ'లో అంతమంది కోరస్ ఎవరు?

ముగ్గురే. ఫ్రెడ్డీ, బ్రయాన్, రోజర్. డీకన్ రికార్డుల్లో పాడడు.

ఈ ప్రశ్నకి కాస్త ఓపిగ్గా జవాబు చెప్పాలి. ఆ రోజుల్లో టేపు మీద 24 ట్రాకులే. ఇరవై నాలుగు గొంతులు నిండితే అక్కడితో సరి. అందుకని వాళ్లు కొన్ని ట్రాకుల్లో పాడి, వాటన్నిటినీ కలిపి ఒకటి రెండు ట్రాకుల్లోకి దించేవాళ్లు. ఖాళీ అయిన చోట మళ్లీ పాడేవాళ్లు, మళ్లీ దించేవాళ్లు. పాట మధ్యలో పాశ్చాత్య సంగీత నాటకంలా సాగే ఒక్క ఆపెరా భాగానికే దాదాపు మూడు వారాలు పట్టింది, రోజుకి పది పన్నెండు గంటలు పాడుతూనే ఉన్నారు. టేపు అన్నిసార్లు తిరిగి తిరిగి, మీద పూత అరిగిపోయి, వెలుతురుకి ఎదురుగా పెడితే అవతలివైపు కనిపించేంత పల్చబడింది. నిర్మాత రాయ్ థామస్ బేకర్. పని మొదలైంది వేల్స్‌లో పొలాల మధ్య ఉన్న రాక్‌ఫీల్డ్ స్టూడియోలో. ఆ పై పై స్వరాలు, ఆడగొంతు అనుకుంటారే, అవి డ్రమ్మర్ రోజర్‌వి.

పాట 5 నిమిషాల 55 సెకన్లు. రేడియోలో ఎవరూ వేయరని కంపెనీవాళ్లు భయపడ్డారు. లండన్ రేడియోలో కెనీ ఎవరెట్ అనే వ్యాఖ్యాత తన చేతికొచ్చిన కాపీని ఒక్క వారాంతంలో 14 సార్లు వేశాడు. 1975 అక్టోబర్ 31న విడుదలైంది, బ్రిటన్‌లో తొమ్మిది వారాలు నంబర్ వన్. ఫ్రెడ్డీ పోయాక మళ్లీ విడుదల చేస్తే ఇంకో ఐదు వారాలు.

పాటకి అర్థమేమిటని కూడా అడుగుతారు. ఫ్రెడ్డీ విప్పి చెప్పలేదు, మిగతా ముగ్గురూ ఆ గుట్టు అలాగే ఉంచారు. మధ్యలో వినపడేది 'బిస్మిల్లా' అన్న మాటే, మీరు తప్పు వినలేదు.

ప్రపంచంలో మొదటి మ్యూజిక్ వీడియో అదేనంటారు, నిజమేనా?

కాదు. బీటిల్స్ 1966లోనే తమ పాటలకి ఇలాంటి చిన్న ఫిల్ములు తీశారు. కాకపోతే వీడియో వల్ల పాట ఎంత దూరం వెళ్తుందో కంపెనీలన్నిటికీ కళ్లకి కట్టినట్టు చూపించింది మాత్రం 'బొహీమియన్ రాప్సొడీ'. మ్యూజిక్ చానల్ ఎంటీవీ మొదలైంది 1981లో. ఇది దానికి ఆరేళ్ల ముందు సంగతి.

తీసిన కారణం చాలా మామూలుది. బ్యాండు టూర్లో ఉంటుంది, బీబీసీ 'టాప్ ఆఫ్ ద పాప్స్' కార్యక్రమానికి వచ్చి నిలబడే వీలుండదు. వచ్చినా ఆ ఆపెరా భాగానికి నలుగురూ పెదాలు కదుపుతూ నిలబడితే ఏం బాగుంటుంది? అందుకని 1975 నవంబర్ 10న, టూర్ రిహార్సల్స్ జరుగుతున్న ఎల్‌స్ట్రీలోనే బ్రూస్ గవర్స్ దర్శకత్వంలో సుమారు నాలుగు గంటల్లో తీసేశారు. చీకట్లో నాలుగు ముఖాలు పైకి చూస్తూ ఉండే ఆ షాట్ వాళ్ల రెండో ఆల్బమ్ అట్ట మీద మిక్ రాక్ తీసిన ఫోటోకి ప్రాణం పోసినట్టుంటుంది. ఒక ముఖం పది ముఖాలై వెనక్కి వెనక్కి పోయే మాయ కంప్యూటర్లతో చేసింది కాదు. కెమెరాని దాని సొంత తెర వైపే తిప్పితే అద్దంలో అద్దం చూసినట్టు బొమ్మ లోపలికి పోతూ ఉంటుంది, అంతే.

2019లో ఆ వీడియో యూట్యూబ్‌లో వంద కోట్ల వ్యూస్ దాటింది.

స్టేజి మీద ఆపెరా భాగం ఎలా పాడారు?

పాడలేదు. ఇది తెలియగానే కొందరు నిరాశపడతారు, నాకైతే గౌరవం పెరిగింది. నలుగురూ స్టేజి దిగి లోపలికి వెళ్లిపోయేవాళ్లు. లైట్లు, పొగ, టేపులో ఆపెరా. అది అయిపోయి రాక్ భాగం మొదలయ్యే సరికి భళ్లున వెలుతురు, నలుగురూ మళ్లీ స్టేజి మీద. టేపు పెట్టి పాడుతున్నట్టు నటించడం వాళ్లకి ఇష్టం లేదు. చేయలేనిది చేస్తున్నట్టు చూపించకుండా జనం ముందే తప్పుకున్నారు. 1979లో వచ్చిన 'లైవ్ కిల్లర్స్'లో ఆ ఘట్టం వినండి. జనం కేరింతలు ఏ క్షణాన పెరుగుతాయో గమనించండి.

'వి విల్ రాక్ యూ'లో డ్రమ్స్ వాయించింది ఎవరు?

ఎవరూ కాదు. అందులో డ్రమ్సే లేవు. రెండు తొక్కుళ్లు, ఒక చప్పట్టు, ఒక ఖాళీ. చివర్లో గిటార్ వచ్చేదాకా ఉన్నదంతా కాళ్లూ చేతులే.

1977లో స్టాఫర్డ్‌లోని బింగ్లీ హాల్లో కచేరీ అయిపోయాక జనం కదలకుండా నిలబడి బ్యాండు కోసం పాట పాడారు. జనం కూడా వాయించగలిగే పాట రాయాలని బ్రయాన్ మేకి అప్పుడే అనిపించింది. గుంపులో ఇరుక్కుని నిలబడ్డ మనిషి ఏం చేయగలడు? కాలితో తొక్కగలడు, చప్పట్లు కొట్టగలడు, పాడగలడు. అవే పెట్టాడు. రికార్డు చేసింది లండన్‌లోని వెసెక్స్ స్టూడియోలో, అదొక పాత చర్చి. అక్కడ పడి ఉన్న చెక్క పలకల మీద నిలబడి తొక్కారు. కొద్దిమంది తొక్కుడుని వేలమందిగా వినిపించడానికి ఆ చప్పుడుని వేర్వేరు ఆలస్యాలతో మళ్లీ మళ్లీ కలిపారు. ఆ ఆలస్యాలకి బ్రయాన్ ప్రధాన సంఖ్యల లెక్క వాడాడు. ఒకదానితో ఇంకోటి భాగించబడని సంఖ్యలు కాబట్టి ప్రతిధ్వనులు ఒకేచోట పడవు, గుహలో అరిచినట్టు కాకుండా జనసమూహంలా వినపడుతుంది. భౌతికశాస్త్రం చదివినవాడి బుర్ర అది. తర్వాత 2007లో ఇంపీరియల్ కాలేజీ నుంచి ఖగోళ భౌతికశాస్త్రంలో పీహెచ్‌డీ కూడా పూర్తిచేశాడు.

బ్రయాన్ గిటార్ ఇంట్లో చేసుకున్నదేనా?

అవును. రెడ్ స్పెషల్. కొనడానికి డబ్బు లేక 1963లో తండ్రితో కలిసి చేయడం మొదలుపెట్టాడు. మెడ చెక్క పాత ఇంటి చలిమంట గూడు మీది పలక. వేళ్లు పెట్టే చోట తెల్లటి చుక్కలు అమ్మ కుట్టుపెట్టెలోని ముత్యపుచిప్ప గుండీలు. లోపల మోటార్ సైకిల్ స్ప్రింగులు. మీటేది ప్లాస్టిక్ ముక్కతో కాదు, పాత ఆరు పెన్నీల నాణెంతో. క్లోజప్‌లో చూస్తే నాణెం మెరుస్తుంది. దాని గరుకు అంచు తీగెకి తగిలినప్పుడు వచ్చే 'చిర్రు' మనే చప్పుడు తెలుసుకున్నాక ఆ గిటార్‌ని ఇంకెవరిదో అనుకోరు.

'ఎ నైట్ ఎట్ ద ఆపెరా'లో 'గుడ్ కంపెనీ' అనే పాట ఉంది. చివర్లో పాతకాలపు జాజ్ బ్యాండు, బాకాలు, సన్నాయిల్లాంటివి వినిపిస్తాయి. అన్నీ ఈ ఒక్క గిటారే. పారేసిన సామాన్లలో దొరికిన సర్క్యూట్ బోర్డుతో డీకన్ తయారుచేసిన చిన్న ఆంప్లిఫయర్ లోంచి వాయించాడు. తొలి ఆల్బమ్‌ల అట్టల మీద సింథసైజర్లు, అంటే కరెంటుతో రకరకాల చప్పుళ్లు పుట్టించే కీబోర్డులు, వాడలేదని వాళ్లు గర్వంగా అచ్చువేసుకున్నది ఇందుకే. 1980లో 'ద గేమ్' నుంచి వాడారు.

అంతగా పేరు రాని పాట ఒక్కటి చెప్పమంటే?

''39'. రాసిందీ పాడిందీ బ్రయాన్ మే. వింటే జానపదంలా ఉంటుంది, సంగతి మాత్రం అంతరిక్ష ప్రయాణం. కొత్త నేల వెతుకుతూ ఓడలో వెళ్లినవాళ్లు తిరిగొస్తారు. వాళ్లకి గడిచింది ఏడాదే, ఇక్కడ వందేళ్లు అయిపోయాయి. వదిలివెళ్లిన భార్య లేదు, కూతురి కళ్లలో ఆమె కళ్లు కనిపిస్తాయి.

మొదటిసారి అర్థమైనప్పుడు నాకు భాగవతంలో రేవతి కథ గుర్తొచ్చింది. కూతురికి వరుణ్ణి అడుగుదామని కకుద్మి మహారాజు బ్రహ్మలోకం వెళ్తాడు, పాట అయ్యేదాకా కాసేపు ఆగుతాడు. ఆ కాసేపట్లో భూమ్మీద యుగాలు దొర్లిపోతాయి, తను అనుకున్న వరుల పేర్లు కూడా మిగలవు. చిన్నప్పుడు ఆ కథ విని దిగులు పడినవాళ్లకి ఈ పాట సులువుగా తగులుతుంది.

పాటలన్నీ ఫ్రెడ్డీ రాసినవేనా?

కావు. నలుగురూ రాశారు, నలుగురూ పెద్ద హిట్లు ఇచ్చారు. 'అనదర్ వన్ బైట్స్ ద డస్ట్' డీకన్ రాశాడు. 'రేడియో గా గా' రోజర్ రాశాడు. 1989 నాటి 'ద మిరకిల్' నుంచి ఎవరు రాసినా క్వీన్ అనే పేరు వేశారు.

'ఐ వాంట్ టు బ్రేక్ ఫ్రీ' వీడియోలో ఆడవేషాలు ఎందుకు?

బ్రిటన్‌లో ఏళ్ల తరబడి వస్తున్న 'కొరొనేషన్ స్ట్రీట్' అనే టీవీ సీరియల్‌ని సరదాగా అనుకరించారు. మీసం తీయకుండానే ఫ్రెడ్డీ స్కర్టు వేసుకుని వాక్యూమ్ క్లీనర్‌తో ఇల్లు ఊడుస్తాడు. రోజర్ స్కూలు పిల్ల, డీకన్ ముసలమ్మ. 1984లో డేవిడ్ మాలెట్ తీశాడు.

బ్రిటన్‌లో నవ్వుకున్నారు. అమెరికాలో చాలామందికి మింగుడుపడలేదు, ఎంటీవీ వేయలేదు. సత్యభామ వేషం కట్టిన కూచిపూడి భాగవతుల్ని, స్థానం నరసింహారావు గారిని నెత్తిన పెట్టుకున్న మనకి ఇందులో గాభరా పడాల్సింది ఏముంది? మధ్యలో రాయల్ బ్యాలే నర్తకులతో ఉన్న ఘట్టం కోసం ఫ్రెడ్డీ నిజంగానే మీసం తీసేశాడు.

రికార్డులో ఉన్న ఆ సోలో గిటార్ కాదు, ఫ్రెడ్ మాండెల్ వాయించిన సింథసైజర్. స్టేజి మీద బ్రయాన్ గిటార్ మీద వాయించాడు. రెండూ ఒకదాని వెంట ఒకటి విని చూడండి.

'రేడియో గా గా' చప్పట్లు జనం ఎక్కడ నేర్చుకున్నారు?

వీడియోలోనే. ఫ్రిట్జ్ లాంగ్ తీసిన 1927 నాటి మూకీ సినిమా 'మెట్రోపొలిస్' దృశ్యాలు అందులో ఉంటాయి. తెల్లబట్టలు వేసుకుని చేతులెత్తి రెండేసి చప్పట్లు కొట్టేది ఫ్యాన్ క్లబ్ సభ్యులే. అది టీవీలో చూసినవాళ్లు కచేరీలకి వచ్చి, ఎవరూ చెప్పకుండానే అదే చేశారు. 1985 జూలై 13న, ఇతియోపియా కరువు బాధితుల సాయం కోసం జరిపిన లైవ్ ఎయిడ్ కచేరీలో, లండన్ వెంబ్లీ స్టేడియం అంతా ఒక్కసారిగా చేతులెత్తిన దృశ్యం చూస్తే ఇప్పటికీ నా ఒళ్లు జలదరిస్తుంది.

లైవ్ ఎయిడ్ గురించి ఎందుకంత చెప్పుకుంటారు?

పరిస్థితులన్నీ ఎదురుగా ఉన్నాయి కాబట్టి. సాయంత్రం 6 గంటల 41 నిమిషాలు, ఇంకా పట్టపగల్లా వెలుతురు. సొంత లైట్లు లేవు, హంగులు లేవు. వచ్చిన డెబ్బై వేలమందికి పైగా జనం వాళ్ల కోసమే టికెట్ కొన్నవాళ్లు కాదు. ఉన్నది ఇరవై నిమిషాల చిల్లర. చాలా బ్యాండ్లు వచ్చి తోచింది వాయించి వెళ్లాయి. క్వీన్ మాత్రం ముందే లండన్‌లో ఒక థియేటర్ తీసుకుని ఆ ఇరవై నిమిషాలనే పదేపదే సాధన చేశారు. ఆరు పాటలు, ఒక్కోదాన్ని కుదించి, ఒకదాన్నుంచి ఇంకోదానిలోకి ఊపిరి తీసుకునే సందు కూడా లేకుండా కుట్టారు.

చూసేటప్పుడు పియానో మీద వరసగా ఉన్న పెప్సీ కప్పులు చూడండి. 'హ్యామర్ టు ఫాల్'లో కెమెరామన్‌తో ఫ్రెడ్డీ ఆటలు చూడండి. పాటల మధ్య 'ఏ...ఓ' అని గొంతు విసిరితే స్టేడియం మొత్తం బుర్రకథలో వంతలా అందుకుంటుంది. ఆయన సాగదీస్తే వాళ్లూ సాగదీస్తారు.

సినిమాలో చూపించినట్టే జరిగిందా?

2018 సినిమా నాకు ఇష్టమే, రామీ మాలెక్‌కి ఆస్కార్ దక్కడం న్యాయమే. కానీ చరిత్రగా తీసుకోకండి. లైవ్ ఎయిడ్‌కి ముందు బ్యాండు విడిపోలేదు, ఆ ఏడాది మే నెలలో కూడా జపాన్‌లో కచేరీలు చేశారు. ఫ్రెడ్డీకి హెచ్‌ఐవీ అని తేలింది 1987లో, లైవ్ ఎయిడ్‌కి రెండేళ్ల తర్వాత. 'వి విల్ రాక్ యూ'ని 1980లో తయారుచేసినట్టు చూపించారు, అది 1977 పాట.

లైవ్ రికార్డింగుల్లో ముందు ఏది చూడాలి?

ఎక్కువమంది 1986 జూలై వెంబ్లీ అంటారు. పసుపు జాకెట్, కిరీటం, అంబరాన్నంటే జనం. పండగలా ఉంటుంది, తప్పకుండా చూడండి. నన్నడిగితే మాత్రం ముందు మాంట్రియల్, 1981 నవంబర్. స్టేజి మీద నలుగురే, సాయానికి కీబోర్డు వాయించే మనిషి లేడు. 35 ఎంఎం ఫిల్ము మీద తీశారు కాబట్టి చెమట చుక్క కూడా కనిపిస్తుంది. ఆ దర్శకుడితో బ్యాండుకి పడలేదు, ఆ కసి వాయిద్యంలోకి వచ్చిందేమో అనిపిస్తుంది నాకు. 'క్వీన్ రాక్ మాంట్రియల్' పేరుతో దొరుకుతుంది, 2024లో ఐమాక్స్ తెరల మీదికి కూడా వచ్చింది.

తొలి రోజుల క్వీన్ కావాలంటే లండన్ థియేటర్లలో చేసిన రెండు కచేరీలు: 1974 రెయిన్‌బో, 1975 క్రిస్మస్ ముందురోజు బీబీసీ ప్రసారం చేసిన హ్యామర్‌స్మిత్ ఓడియన్. అప్పటికి ఫ్రెడ్డీకి మీసం లేదు, జుట్టు భుజాల దాకా, పాటలు కత్తుల్లా ఉంటాయి.

నా మనసుకి దగ్గరైనది బుడాపెస్ట్, 1986 జూలై 27. కమ్యూనిస్టు ప్రభుత్వం ఉన్న హంగరీలో నిండిపోయిన స్టేడియం. మధ్యలో ఫ్రెడ్డీ వాళ్ల జానపదం ఒకటి హంగేరియన్ భాషలో అందుకుంటాడు. నోటికి రాని భాష, మాటలు అరచేతిలో రాసుకున్నాడు. పాడుతూ చేయి చూసుకోవడం దాచుకోడు కూడా. మొదటి పదం వినగానే జనం పెట్టిన కేక వినండి. మన భాషలో రెండు ముక్కలు కష్టపడి మాట్లాడిన బయటివాణ్ని మనం ఎలా అక్కున చేర్చుకుంటామో, అచ్చంగా అదే.

ఒక జాగ్రత్త. నేను కాలేజీ రోజుల్లో కోఠిలో ఒక కొట్లో 'క్వీన్ లైవ్' అని రాసిన క్యాసెట్ కొన్నాను. ఇంటికెళ్లి పెడితే స్టూడియో పాటలే, పైన చప్పట్లు అతికించారు. నెల పాకెట్ మనీ పోయింది. ఇప్పుడు ఆన్‌లైన్‌లోనూ అలాంటివి ఉన్నాయి. ఊరి పేరు, తేదీ లేని లైవ్‌ని నమ్మకండి.

రికార్డులో పాడినంత ఎత్తులో ఫ్రెడ్డీ స్టేజి మీద ఎందుకు పాడడు?

ఆయన స్వరతంత్రులకి కాయలుండేవి, ఆపరేషన్‌కి ఒప్పుకోలేదు. వరసగా కచేరీలుంటే గొంతు కాపాడుకోవాలి కదా. అందుకని కొన్నిచోట్ల తారస్థాయికి వెళ్లకుండా కింది స్వరాల్లోనే కొత్త దారి వెతుక్కుంటాడు, పైది రోజర్ అందుకుంటాడు. లోపం అనుకోకుండా, ఆ దారి ఎలా మారిందో వినండి. 'లవ్ ఆఫ్ మై లైఫ్' అయితే స్టేజి మీదే పెద్ద పాటైంది. రికార్డులో పియానో, హార్ప్. స్టేజి మీద బ్రయాన్ పన్నెండు తీగెల గిటార్, మిగతాది జనం గొంతు. ఫ్రెడ్డీ మైకు వాళ్ల వైపు తిప్పి నిలబడిపోతాడు.

ఫ్రెడ్డీ చివరిసారి కనిపించిన వీడియో ఏది?

'దీస్ ఆర్ ద డేస్ ఆఫ్ అవర్ లైవ్స్', 1991 మేలో తీశారు. చిక్కి శల్యమైపోయాడు, అందుకే బ్లాక్ అండ్ వైట్. పెద్దగా కదలడు, చేతులు మాత్రం కదులుతాయి. చివర్లో తలెత్తి కెమెరాలోకి చూసి, ఇంకా మిమ్మల్ని ప్రేమిస్తున్నానని గొణిగినట్టు చెప్తాడు. నేను దీన్ని తరచుగా చూడలేను.

ఇప్పుడు బ్యాండు ఉందా?

డీకన్ 1997లో సంగీతం వదిలేశాడు. బ్రయాన్, రోజర్ మొదట పాల్ రాజర్స్‌తో, తర్వాత ఆడమ్ లాంబర్ట్‌తో కచేరీలు చేశారు. లాంబర్ట్ ఫ్రెడ్డీని అనుకరించడు, అందుకే నాకు నచ్చుతాడు.

ఇంకా బయటికి రానివి ఏమైనా మిగిలాయా?

మిగిలాయి. 'ఫేస్ ఇట్ అలోన్' అనే పాట 'ద మిరకిల్' రోజుల్లో రికార్డు చేసి పక్కన పెట్టేశారు, 2022 అక్టోబర్లో వచ్చింది. నేను ఎదురుచూసేది మాత్రం నెబ్‌వర్త్ కోసం. 1986 ఆగస్టు 9, ఫ్రెడ్డీతో చివరి కచేరీ. కొన్ని ముక్కలు ఆ ఏడాది చివర వచ్చిన 'లైవ్ మ్యాజిక్' ఆల్బమ్‌లో ఉన్నాయి, అదీ పాటల్ని కత్తిరించి. పూర్తి కచేరీ మాత్రం ఇంకా విడుదల కాలేదు.